అణియం మీద పాదం

“దొరికిందా?” పడవ మీద నుంచే అరిచాడు దుర్గాశ్రీనివాస్.

“దొరకడానికి అదేమన్నా సంతలో వంకాయా? పసిబిడ్డ!” అంది అతని భార్య వీరలక్ష్మి, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వస్తూ.

వేట నిషేధం ముగిసింది. వాళ్ళ కొత్త పడవ పసుపు పూసుకుని ఒడ్డున కూర్చుంది. దివిసీమ కొసన, సముద్రం అంచున ఉన్న గవ్వలతిప్పలో కొత్త పడవ నీళ్ళలో దిగాలంటే ముందు దాని అణియం మీద, అంటే ముందు కొస మీద, ఒక పసిపాదం ఆనాలి. ఏ పాదమంటే ఆ పాదం కాదు. సముద్రం ఏదో ఒకటి లాక్కున్న ఇంటి బిడ్డ అయ్యుండాలి. అలాంటి ఇంటికి గంగమ్మ బాకీ పడుంటుంది గనక ఆ పడవ జోలికి రాదని నమ్మకం. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత అలాంటి బిడ్డ కోసం వెతికే పనే లేకపోయింది. ఉప్పెన ముట్టని ఇల్లుంటే కదా!

ఇప్పుడు బిడ్డలే లేరు.

పొద్దున్నుంచీ వీరలక్ష్మి తట్టని తలుపు లేదు. మాధవి ఒక్క కొడుకుతోనే ఆపరేషన్ చేయించుకుంది. ఆ ఒక్కడికీ మీసాలొచ్చేశాయి. బందరులో కాపురమున్న ప్రభావతి కోడలైతే “ఆ ఉప్పునీళ్ళు తాగుతూ పిల్లల్ని కనమంటావా పిన్నీ?” అని ఫోన్లోనే కడిగేసింది. ఆమె తప్పేముంది? బోరేసినా ఉప్పే, బావి తోడినా ఉప్పే. వరి పండిన చేలు రొయ్యల చెరువులయ్యాయి. బడికి తాళం పడింది. ఒకప్పుడు ఇదే ఊరి ఆడవాళ్ళని జీపుల్లో ఎక్కించుకెళ్ళి ఆపరేషన్లు చేయించిన పెద్దమనుషులే ఇప్పుడు మైకు పట్టుకుని ఇంకా కనండమ్మా అంటున్నారు. కనేవాళ్ళు ఎక్కడున్నారో మాత్రం చెప్పరు.

దుర్గాశ్రీనివాస్ పడవ దిగొచ్చి గొంతు తగ్గించాడు. “సముద్రం పోటు మీద ఉండగానే దిగాలే. ఇవాళ పడవ కదలకపోతే మన కళాసులు గుడివాడ చేపల ప్యాకింగుకి వెళ్ళిపోతారంట.”

“వాళ్ళూ వెళ్తే?”

“ఇంకేముంది? ఊరు మూసేసుకోవడమే.”

ఊళ్ళో మిగిలిన కుర్రాళ్ళు పడవ పనికొచ్చే ఆ కళాసులే. వీరలక్ష్మి సముద్రం వైపు చూసింది. ఆమె చిన్నప్పుడు అలల చప్పుడు ఎక్కడో దూరాన వినిపించేది. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి పలకరిస్తోంది. ఎవర్నీ తరమలేదు, అరవలేదు. ఒక్కో జానెడే జరుగుతూ ఇంత ఊరిని ఖాళీ చేయించింది. ఎంత ఓపిక!

“ఒక బిడ్డుంది,” అంది ఉన్నట్టుండి. “రొయ్యల చెరువు షెడ్డులో.”

“బీహారోళ్ళ బిడ్డా?” కళాసులు పకపకా నవ్వారు. “వదినా, కుల పెద్దాయన నిన్నే పడవకి కట్టి తోసేస్తాడు!”

“తోస్తే ఈదుకుంటూ వస్తాలేరా. నోరు మూసుకుని తాళ్ళు సవరించండి!”

అన్నట్టే వెళ్ళి తీసుకొచ్చింది. బక్కపల్చటి పిల్ల, చంకలో నెలల బిడ్డ. ఏడాదిగా ఈ ఊరి రొయ్యలు ఒలుస్తున్నా పేరూ ఊరూ అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఉత్తరాది ముఖం కనిపిస్తే చాలు, అందరూ బీహారోళ్ళే. ఒక అల ఉరికొస్తే ఆ పిల్ల బెదరలేదు, ఒంటిని పక్కకి తిప్పి నిలబడింది.

బిడ్డని చూడటానికి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చేసింది. ఊరంతా అంటే ఎంతమందని! నవ్వుతూ వచ్చినవాళ్ళు దగ్గరకొచ్చి బిడ్డ చుట్టూ మూగారు. ఇంత చిన్న మనిషిని చూసి ఎన్నేళ్ళైందో వాళ్ళకి. నూకగింజంత గోళ్ళు. రొయ్యపిల్లల్లా ముడుచుకుని విచ్చుకునే వేళ్ళు. ఎల్లమ్మ ముసలిది వంగి ఆ అరికాలి వాసన చూసి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. వీరలక్ష్మి ఆ పాదాన్నీ సముద్రాన్నీ మార్చి మార్చి చూసింది. ఇంత సముద్రం ఒక పక్క, ఇంత పాదం ఒక పక్క. ఎన్ని ఊళ్ళు మునిగినా మనిషి మళ్ళీ ఇంత చిన్న పాదంతోనే మొదలవుతాడు కదా!

“ఆగండెహే!” కుల పెద్ద భుజంగరావు గొంతు. జనం పక్కకి జరిగారు. “ఏంటమ్మాయ్ వీరలక్ష్మీ, ఆచారం మర్చిపోయావా? పైవాళ్ళ బిడ్డ పాదం అణియం మీదా?”

“ఇక్కడే పుట్టింది మావయ్యా. మన గాలే పీలుస్తోంది.”

“పుడితే సరిపోద్దా? గంగమ్మ వీళ్ళకేం బాకీ పడింది? బీహార్లో సముద్రమెక్కడేడిసింది?”

“మనోళ్ళ బిడ్డలేరి మరి? నువ్వు చూపించు! రేపు ఈ ఇసుక మీద నడిచేది ఈ పాదాలే. నువ్వూ కాదు, నేనూ కాదు.”

“రేపు సంగతి నాకొద్దు. ఇవాళ ఈ పడవ మునిగితే కళాసుల తల్లులకి నువ్వు చెబుతావా జవాబు?”

కళాసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు అప్పుడే వంగి తన సంచీ తీసుకున్నాడు. భుజంగరావు ఆ తల్లి వైపు తిరిగి చెయ్యి విసిరాడు.

“నడువమ్మా నడు. ఎక్కడ్నుంచి వచ్చావో అక్కడికే ఎత్తుకెళ్ళు నీ బిడ్డని!”

ఏడాదిగా తెలుగు వింటోంది గదా, ఆ మాట ఆమెకి అర్థమైంది. బిడ్డని భుజానికి ఎత్తుకుని, ఎవరి మీదా కోపం లేని కళ్ళతో పెద్దాయన్ని చూసింది.

“ఎలా వెళ్తాను బాబాయ్?” అంది వచ్చీరాని తెలుగులో.

బిడ్డని రెండో భుజానికి మార్చుకుంది.

“మా ఊరున్న చోట ఇప్పుడు సముద్రముంది.”