గాదె కింద ఉడుము

“ఉడుము! అయ్యో, ఇంట్లోకి ఉడుమొచ్చెనే!”

అత్త హనుమంతమ్మ కేక విని రామేశ్వరమ్మ చేతిలోని చేట అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. అత్త పిడకల గంప పక్కన చతికిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, జొన్నల గాదె వైపు చూపిస్తోంది.

“యాడత్తా?”

“గాదె కిందికి దూరె. ఇంత పొడుగుండాది!”

రామేశ్వరమ్మ నేలకు చెంప ఆనించి చూసింది. గాదె కింద నుంచి అదీ ఆమెనే చూసింది. మూరెడు పొడుగు, నల్లటి ఒళ్ళు, ఎర్రటి తల. కొత్త కోడల్ని పలకరిస్తున్నట్టు రెండుసార్లు తల ఊపింది. ఉడుము అలా తల ఊపదు, చీలిన నాలుకను మాటిమాటికీ బయటపెడుతుంది. రామేశ్వరమ్మ నాయన కొండల్లో ఉడుములు పట్టిన మనిషి. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది ఉడుము కాదు, గుండ్ల మీద ఎండకు కూర్చునే రాతితొండ. కాకపోతే బాగా బలిసింది.

“అత్తా, అది...” అని నోరు తెరిచి ఆగిపోయింది.

తొండ దూరితే చీపురుతో తరిమితే సరిపోతుంది. ఉడుము దూరితే మాత్రం ఆ ఇంట్లో మనుషులు ఉండకూడదు. తలుపుకు ముళ్ళకంప కొట్టి మూడు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. అది ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు.

వారం కిందట వేంపల్లె నుంచి ఉత్తరం వచ్చింది. రామేశ్వరమ్మ తల్లి మంచం పట్టింది, కూతురిని చూడాలని కలవరిస్తోంది. మామ బొజ్జన్న చెడ్డవాడేమీ కాదు గానీ, శెనక్కాయ పీకే రోజుల్లో ఆయనకు లోకం కనిపించదు. కర్నూలు రాజధాని అయిందన్న సంగతే ఆయన చెవికి రెండు వారాలు ఆలస్యంగా చేరింది. “పంట ఇల్లు చేరినాక పంపిస్తాలే” అనేశాడు. అత్త అయినా ఒక మాట సాయం చేస్తుందేమోనని చూస్తే, ఆవిడ వక్కాకు నములుతూ, “మా యమ్మ సచ్చిపోయేటప్పుడు గూడా నన్ను పంపలే. నేను బతకలేదా?” అంది. ఆ రోజు రామేశ్వరమ్మకు అన్నం సయించలేదు.

ఉడుము దూరిందన్న కబురు విని బొజ్జన్న చేను నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. గడప మాత్రం దాటలేదు. వెనకటికి వాళ్ళ నాయన ఉడుము మాట లెక్కచేయక ఇంట్లోనే ఉండి, ఆ ఏడే రెండెద్దులను పోగొట్టుకున్నాడు.

“తలుపేసుండె గదా, ఎట్ల దూరె?” అన్నాడు బయటి నుంచే.

“దారి నేను జూపిస్తినా? దాన్నే అడుగు పో!” అని కసిరింది హనుమంతమ్మ.

“నీకు సూదిలో దారం గూడా ఎక్కియ్య రాదు. నువ్వు ఉడుమంటే నమ్మాల్నా? అమ్మీ రామేశ్వరీ, నువ్వు చూసినావు గదా. నువ్వు చెప్పు. ఉడుమేనా?”

పెళ్ళై ఏడు నెలలైనా ఆ ఇంట్లో రామేశ్వరమ్మ ఒక్క అబద్ధం ఆడలేదు. కళ్ళ ముందు మంచంలో తల్లి కనిపించింది.

“ఉడుమే మామా” అంది.

బొజ్జన్న తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. “మన కొడుకు ఈరన్నంటే నాపరాళ్ళ గని కాడ పండుకుంటాడు. మనం చేని కాడ కొట్టంలో ఉందాం. మరి ఈ పిల్ల?”

“ఆ కొట్టంలో ముగ్గురం యాడ పడతాం? కొత్త కోడల్ని అట్ల పండబెడితే ఊరు నగుతాది. పుట్టింటికి తోలు. శెనక్కాయ పీకేకి నేనుండా” అంది హనుమంతమ్మ విసుగ్గా.

మరునాడు పొద్దున్నే తలుపుకు కంప కొట్టారు. మోకాళ్ళ నొప్పులతో అత్త కుండలు నెత్తిన పెట్టుకుని, ఆగి ఆగి చేనికి మోస్తుంటే రామేశ్వరమ్మ చూడలేకపోయింది. కొట్టానికి మూడు పక్కలే తడికెలు, నాలుగో పక్క గాలి. మూడు నెలలు ముసలాళ్ళు ఆ చలిలో పడుకోవాలి. అదంతా తన ఒక్క మాట వల్ల. పాపిష్టిదాన్ని అనుకుంటూ బేతంచెర్ల దాకా కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది.

బస్సు వచ్చింది. బొజ్జన్న మూట తీసుకుని నిచ్చెనెక్కి బస్సు పైన కడుతున్నాడు. అత్త కోడలి ఒడిలో కొర్రబియ్యం పోసి, “అమ్మకు గంజి కాచిపెట్టు. లేచి తిరిగేదాకా ఉండి రా. తొందరేం లేదు” అంది.

ఆ మాటతో రామేశ్వరమ్మ తట్టుకోలేకపోయింది. అత్త రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

“అత్తా, నన్ను కొట్టినా సరే. అది ఉడుము కాదు, తొండ. అమ్మను చూడాలని అబద్ధమాడితి. మీరు ఆ కొట్టంలో ఉండొద్దు. ఇంటికి పోదాం పా, నేనూ వస్తా.”

హనుమంతమ్మ బస్సు పైన ఉన్న మొగుడి వైపు ఒకసారి చూసింది. ఆయనకు వినపడదని రూఢి చేసుకుంది. కొంగుతో కోడలి మొహం తుడిచి, భుజం పట్టి బస్సు మెట్టెక్కించి, చెవి దగ్గరగా వంగింది.

“ఆ తొండను తెచ్చి ఇంట్లో వదిలింది నేనే, అమ్మీ.”