క్యాలెండరు అట్టలు

"ఎవరిచ్చారివి?"

ఏసుపాదం పుస్తకాల కట్టని డైనింగ్ టేబుల్ మీద దబ్బున పడేశాడు. గ్లాసులో నీళ్ళు తొణికాయి. పన్నెండేళ్ళ పర్సిస్ హోమ్‌వర్క్ మీంచి తలెత్తింది. స్టవ్ దగ్గర దీనమ్మ చేతిలో గరిటె ఆగింది.

"బియ్యం బస్తా వెనకాల దాస్తే దొరకవనుకున్నావా? చీమల మందు కొడదామని బస్తా జరిపితే బయటపడ్డాయి!"

నాలుగు పుస్తకాలు. నాలుగింటికీ శుభ్రంగా అట్టలు. అవీ మామూలు కాగితంతో కాదు, తమ తెలుగు చర్చి సంఘం వేసిన నిరుటి క్యాలెండరు కాగితాలతో. పైన బైబిలు వాక్యం, కింద పాస్టరుగారి దంపతుల నవ్వు మొహాలు. ఏదో భక్తి పుస్తకం కాబోలని ముచ్చటపడి తెరిచాడు ఏసుపాదం. లోపల రెక్కలు మొలిచిన ఆడపిల్లలు, అరచేతుల్లోంచి మెరుపులు చిమ్ముతూ.

"మంత్రగత్తెలు! ఇటలీ వాళ్ళ బొమ్మల కథలట. ఇంగ్లీషులోకి మార్చి మరీ అమ్ముతున్నారు. అక్కణ్ణుంచి ఇంత దూరం వచ్చి నా వంటింట్లోనే దూరాలా ఇవి? రేపు సంఘంలో నిలబడి వాక్యం చెప్పాల్సినవాణ్ణి నేను!"

"ఏమండీ, పిల్లని కేకలెయ్యకండి. ఆ పుస్తకాలు..."

"నువ్వూరుకో. వాటిల్లో ఒక్క ముక్కయినా అర్థమవుతుందా నీకు?"

దీనమ్మ మళ్ళీ స్టవ్ వైపు తిరిగింది. అమెరికాలోని ఈ నేపర్‌విల్ వచ్చి ఎనిమిదేళ్ళయినా ఫోన్ మోగితే భర్తకే అందిస్తుంది. డాక్టరు దగ్గర కూడా భర్త చేతే చెప్పిస్తుంది. పోయిన ఈస్టరు భోజనాల్లో ఆమె చర్చి కేర్‌టేకర్‌తో ఇంగ్లీషులో ఏదో అనబోయి తడబడితే, ఏసుపాదం అందరి ముందూ ఆ మాటని అలాగే అనుకరించి చూపించాడు. హాలంతా పగలబడి నవ్వింది. సరదాకే కదా! ఆ తర్వాత ఆమె నోట ఇంగ్లీషు మాట అతను వినలేదు.

"నావే డాడీ," అంది పర్సిస్.

"నీవా?" ఏసుపాదం పై పుస్తకం తెరిచి చూపించాడు. "అయితే చెప్పు. ఈ నీలం జుట్టు పిల్ల పేరేంటి?"

పర్సిస్ బొమ్మ వైపు చూసింది. "మర్చిపోయాను."

"పోనీ కథేంటి?"

"వాళ్ళు... ఫ్లై చేస్తారు. బ్యాడ్ పీపుల్‌తో ఫైట్ చేస్తారు."

ఏసుపాదం పుస్తకం వెనక్కి తిప్పి చదివాడు. "ఎవరో రాజట. ఊళ్ళో ఆడవాళ్ళ గొంతులు ఎత్తుకెళ్ళి సీసాల్లో దాస్తాడట. ఈ పిల్లలు వాటిని విడిపిస్తారట. ఇదీ కథ! లావుపాటి నవలలు రెండ్రోజుల్లో నమిలేసే దానివి, ఈ బొమ్మల కథ గుర్తులేదా నీకు?" అతని గొంతు పెరిగింది. "నాకర్థమైంది. ఇవి నీ ఫ్రెండ్ చరితవి. దాన్ని కాపాడుతున్నావు."

"నో డాడీ! చరితకి తెలీదు కూడా."

"అట్ట వెయ్యడం వచ్చా నీకు?"

రాదు. స్కూలు పుస్తకాలకి షాపులో కొన్న సాగే తొడుగులు తొడగడమే తెలుసు ఆ పిల్లకి. ఈ అట్టలు వేరు. జిగురు లేదు, టేపు లేదు. మూలలు లోపలికి తోసి, బొటనవేలి గోటితో మడత నొక్కి, చిన్నప్పుడు బాపట్లలో బడి తెరవగానే తాము వేసుకున్నవాటి లాంటివి. ఇవి అక్కడ చదువుకున్న చేతులు చేసిన పని. చరిత వాళ్ళ బామ్మ మొన్నమొన్నటిదాకా ఇక్కడే ఉంది, ఆవిడ పనే అయ్యుంటుంది. ఇక క్యాలెండరంటే, నిరుడు చరిత తండ్రి గౌరీశంకర్ ఇంటికి స్వయంగా తనే పట్టుకెళ్ళి ఇచ్చాడు.

దేవుని వాక్యం చేతికిస్తే, తీసుకెళ్ళి మంత్రగత్తెలకి తొడిగారా! ఒళ్ళు మండిపోయి ఫోన్ తీశాడు.

"గౌరీశంకర్‌గారూ, నేనిచ్చిన క్యాలెండర్ని ఏం చేశారండీ?"

"క్యాలెండరా? ఇంట్లోనే ఎక్కడో ఉండాలి సార్. ఏమైంది?"

"మీ చరిత దానితో అట్టలేయించి, మా పిల్లకి మంత్రగత్తెల పుస్తకాలిస్తోంది. అదీ అయింది!"

"మా చరితా? దానికి చెస్ తప్ప ఇంకోటి పట్టదండీ. మీరెక్కడో పొరబడ్డారు."

"నేను పొరబడ్డది పిల్లని మీ ఇంటికి పంపి! సోమవారం నుంచి మా అమ్మాయి మీ కార్‌లో స్కూల్‌కి రాదు. మీ అమ్మాయి మా గడప తొక్కక్కర్లేదు."

ఫోన్ పెట్టేసేసరికి పర్సిస్ వెక్కివెక్కి ఏడుస్తోంది. "డాడీ, ప్లీజ్! నాకు చరిత ఒక్కతే ఫ్రెండ్. నన్ను పనిష్ చెయ్. సమ్మర్ క్యాంప్‌కి వెళ్ళను. అవి నావే!"

"నీవేనా?"

ఏసుపాదం షెల్ఫ్ మీంచి బైబిలు తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

"దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. చెప్పావా, నమ్ముతాను. గౌరీశంకర్‌కి ఫోన్ చేసి సారీ కూడా చెప్తాను. చెప్పలేదా, చరిత పేరు మళ్ళీ ఈ ఇంట్లో వినపడకూడదు."

పర్సిస్ తల్లి వైపు చూసింది.

"ఇటు చూడు! ఆవిడేం చెప్తుంది నీకు?"

పర్సిస్ చెయ్యి లేచింది. బైబిలు మీదికి దిగబోయింది.

దీనమ్మ స్టవ్ ఆపేసింది. తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చి, కూతురి చేతిని గాల్లోనే పట్టుకుని పక్కకి తీసింది.

"మధ్యలో నువ్వేంటి?" అరిచాడు ఏసుపాదం.

ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"అవి నా పుస్తకాలు," అంది దీనమ్మ, తడుముకోకుండా, ఇంగ్లీషులో.