దిష్టి మిరపకాయలు

"పేరు రాయమంటావా, వద్దా పెద్దమ్మా? వ్యాన్ పోతది, జల్దీ చెప్పు."

గేటు బయట ఆశా కార్యకర్త జ్యోత్స్న కాగితం, పెన్నూ పట్టుకుని నిలబడింది. కరోనా పరీక్షకు వచ్చేవాళ్ల పేర్లు రాసుకుంటూ పొద్దుట్నుంచీ అశ్వారావుపేట వీధులన్నీ తిరుగుతోంది. లోపల సుబ్బరత్నం కొంగు మూతికి చుట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"వద్దు. మా ఇంట్లో ఎవరికీ ఏం లేదు."

"లేకపోవుడేంది?" వరండాలోంచి ఆమె భర్త వెంకటప్పయ్య మంచం పట్టుకుని లేచాడు. "రెండు రోజుల సంది ఒళ్లంతా నొప్పులు. నా పేరు రాయి బిడ్డా."

సుబ్బరత్నం గబుక్కున ఆయనకు అడ్డం వచ్చింది. పోయిన వారం ఇదే వీధిలో ముగ్గురు ఆ వ్యానెక్కారు. దవాఖానాకు పోయినవాళ్లు పోయినట్టే, శవాలు కూడా ఇంటికి రాలేదు. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి ఆమె ఆయన్ని కంటికి రెప్పలా కాచుకొస్తోంది. పొద్దున మిరియాల కషాయం, సాయంత్రం పసుపు నీళ్ల ఆవిరి, గంటకోసారి థర్మామీటరు. టీవీలో చావుల వార్తలు మొదలైతే చాలు, కట్టేసేది. ఇంతా చేసి, ఇప్పుడు మనిషిని తీసుకెళ్లి ఆ వ్యానుకు అప్పగించాలా?

"నీది రోగం కాదయ్యా, దిష్టి," అంది గట్టిగా. "ఊరంతా పనుల్లేక కూసుంటే, మన పామాయిల్ గెలలు ట్రాక్టర్ నిండా పోయినయ్. నువ్వేమో ముందు రాజాలాగ కూసుంటివి. కళ్లన్నీ నీ మీదనే."

"నాకు భయమైతాంది రత్నం."

నలభై ఎకరాల ఆసామి నోట ఆ మాట వినేసరికి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఐదు నిమిషాలు ఆగమ్మా," అని జ్యోత్స్నకు చెప్పి, భర్త రెక్క పట్టుకుని లోపలికి నడిపించింది. తలుపులు మూసింది. మూకుట్లో నిప్పులు తెచ్చింది. గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ల ఉప్పు ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది.

మిరపకాయలు చిటపటలాడి నల్లగా మాడిపోయాయి. పొగ గదంతా కమ్ముకుంది. ఇద్దరూ మూకుడు వైపే చూస్తూ కూర్చున్నారు.

"చూసినవా! గుప్పెడు కాయలు! కాస్తన్నా ఘాటొచ్చిందా?"

వెంకటప్పయ్య గట్టిగా ఊపిరి పీల్చి చూశాడు. "అసలు రాలేదే!"

"మరి! దిష్టి లేకుంటే ఒక్క కాయకే ఇల్లంతా దగ్గి చచ్చేవాళ్లం. ఎంత దిష్టయ్యా నీది!"

రెండు రోజుల్లో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు కనిపించింది. సుబ్బరత్నం కళ్లు తుడుచుకుని, పట్టరాని సంతోషంతో తలుపులు బార్లా తీసింది.

"ఆ పేరు కొట్టెయ్ బిడ్డా! వట్టి దిష్టే!"

జ్యోత్స్న గేటు పట్టుకుని, వంగిపోయి దగ్గుతోంది. రెండు మాస్కుల మీద కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి.

"ఏం కాల్చిండ్రు పెద్దమ్మా... ఇంత ఘాటు..." అంటూ తలెత్తింది.

గుమ్మంలో, దట్టమైన పొగ మధ్య, భార్యాభర్తలిద్దరూ ఒక్క దగ్గయినా లేకుండా నవ్వుతూ నిలబడ్డారు. జ్యోత్స్న మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, కాగితం మీద పెన్ను పెట్టింది.

"పెద్దమ్మా, నీ పేరు గూడా రాస్తున్న."