బావగారూ, ముందు మీరు తిట్టండి

జగన్నాధం నోరు విప్పాడంటే కొత్తవలస జంక్షన్‌లో గూడ్సుబండి ఆగిపోవాల్సిందే. గరివిడి పక్క పల్లెలో కూర్చుని బావను తిడితే అంత దూరం వినిపించే గొంతు జిల్లా మొత్తం మీద ఇంకొకరికి లేదు. అలాంటి జగన్నాధం ఆ ఉదయం కాంతం టీ బడ్డీ దగ్గర చేతులు కట్టుకుని, "మీరు చెప్పింది నాకు అర్థమైంది, బావగారూ" అన్నాడు.

ఎదుటి బల్ల మీద తిరుమలరావు తల వంచి, "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాను" అన్నాడు.

బడ్డీకి పాలు పొయ్యడానికి వచ్చిన నారాయణమ్మ చేతిలోంచి క్యాను జారిపోయింది. జగన్నాధం ఆమె మొగుడు. తిరుమలరావు ఆమె అన్న. ఒకడిది ఒక పార్టీ, రెండోవాడిది దానికి ఎదుటి పార్టీ. రోజూ టీతో మొదలుపెట్టి ఎదవా, సన్నాసీ అని తిట్టుకునేవారు. ఆ తిట్ల మధ్యలోనే ట్రాక్టరు ముందు ఎవరి మడిలోకి దిగాలో, ఆ పూట ఎవరింట కూర బాగుందో తేల్చుకుని లేచేవారు. ఆ వైపు బావల మధ్య 'ఒరే' ఉన్నంతకాలం చుట్టరికం ఉన్నట్టు. 'మీరు' వచ్చిందంటే ఇక ఒకరి గడప ఒకరు తొక్కరని అర్థం. నారాయణమ్మకు పుట్టింటి తలుపు ముఖం మీదే వేసినట్టయింది.

"ఏటయిపోనాది మీ ఇద్దరికీ?" అంది.

ఇద్దరూ లేచి ఆమెకు నమస్కారం పెట్టారు.

ఇదంతా సింధూరి చేసిన పని. విశాఖపట్నం నుంచి వచ్చిన చదువుకున్న పిల్ల. పార్టీల పేరిట చీలిపోయిన ఊళ్ళలో జనాన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె ఉద్యోగం. ఈ ఇద్దరి తిట్లూ ఓ పూట విని, భూమ్మీద ఇంతకు మించిన పగ ఉండదనుకుని, పంచాయతీ ఆఫీసులో వారం పాటు తర్ఫీదు ఇచ్చింది. చేతిలో రబ్బరు బంతి ఉన్నవాడే మాట్లాడాలి. రెండోవాడు అడ్డు రాకుండా వినాలి. మీరు, గారు తప్పకూడదు. బావలిద్దరూ ఎంత బాగా నేర్చుకున్నారంటే, పొలం గట్టు మీద ఎదురైనా చేతిలో బంతి లేదని మాట్లాడకుండా తప్పుకుపోతున్నారు. ట్రాక్టరు తిరుమలరావు శాలలోనే ఉంది, ఇక్కడ నారు ముదిరిపోతోంది. అడుగుదామంటే జగన్నాధానికి మర్యాద అడ్డొస్తోంది. పొద్దున్నే అతని కేక వినపడక ఊళ్ళో కోళ్ళు మిట్టమధ్యాహ్నం కూస్తున్నాయి. గూడ్సుబండి మాత్రం మామూలుగానే ఆగుతోంది. అది ఎలాగూ ఆ జంక్షన్లో ఆగే బండే మరి.

నాలుగు రోజులు ఓర్చుకుని నారాయణమ్మ సరాసరి వెళ్ళి సింధూరిని పట్టుకుంది.

"నా మొగుడు మా అన్నని మీరు అన్నాడు తల్లీ. నాకు పుట్టిల్లు లేకుండా సేసినావు."

ఒకరినొకరు గౌరవించుకుంటున్నారు కదండీ అని ఆ పిల్ల సర్దిచెప్పబోయింది.

"గౌరవం పరాయోళ్ళకి. ఆళ్ళు బావలు."

తను చేసిన పనేమిటో సింధూరికి అప్పటికి తెలిసొచ్చింది. సాయంత్రానికల్లా మళ్ళీ సభ పెట్టింది. ఈసారి తిట్టుకోవడానికి.

ఊరంతా వచ్చింది. సింధూరి బంతి తెచ్చి జగన్నాధం చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి తిరుమలరావు వైపు చాపాడు.

"బావగారూ, ముందు మీరు తిట్టండి."

"ఎంతమాట. పెద్దలు, మీరే కానివ్వండి."

బంతి నలిగింది గానీ ఒక్క తిట్టూ రాలేదు. ఎలా తిట్టాలో చూపిద్దామని సింధూరి స్వయంగా లేచింది. ఆమె తిట్టు 'దయచేసి ఏమీ అనుకోకండి' అని మొదలైంది. జనం నిట్టూర్చి చెప్పులు వెతుక్కోసాగారు.

అప్పుడు నారాయణమ్మ లేచి బంతి లాక్కుంది. లాక్కుని, పదిమందిలో పచ్చి అబద్ధం ఆడింది.

"అన్నా, పోయిన ఎలక్షన్లో మీ బావ ఓటేసింది నీ పార్టీకే. నాతో సెప్పినాడు." మొగుడి వైపు తిరిగింది. "ఇదిగో, మా అన్న ఏసింది నీ పార్టీకే. అదీ నాతోనే సెప్పినాడు. దినామూ ఒకడి తిట్లు ఒకడు ఇని ఇని, ఎదరోడు సెప్పిందే నిజమని ఇద్దరికీ తోసినాదట."

ముందు జగన్నాధం కుర్చీ పడింది, తర్వాత అతను లేచాడు.

"ఒరే, నీ దిక్కుమాలిన పార్టీకి నేనేస్తానేట్రా? నా సెయ్యి పడిపోదేటి?"

"నా పార్టీ పేరెత్తకు సచ్చినోడా. నీ గుర్తు నొక్కితే ఆ ఏలితో అన్నం తినగలనేట్రా?"

అక్కడ మొదలైన తిట్లు వీధిలోకి దిగాయి. తెల్లారేసరికి ట్రాక్టరు నీ మడిలో లేకపోతే చెవి కోసుకుంటానని ఒకడు, డీజిలు పోయించకుండా పంపావో ఊరుకోనని ఇంకొకడు. సింధూరి బంతి ఎత్తి పట్టుకుని ఏదో చెప్పబోయింది గానీ వినేవాళ్ళు లేరు. నారాయణమ్మ కళ్ళు తుడుచుకుని, అన్నకు కూడా ఎసట్లో బియ్యం పొయ్యడానికి ఇంటికి పరుగెత్తింది.

జరిగింది జరిగినట్టే చెప్పాను. కల్పించింది ఒకే ఒక్క ముక్క. నారాయణమ్మ అబద్ధం ఆడింది అన్నాను చూశారూ, అది.