గడియ వేసిన గదిలో పాట

టేపు రికార్డరు ప్లగ్గు పెట్టబోతున్న తమ్ముడి చెయ్యి అక్క గట్టిగా పట్టుకుంది.

"ఆ పాట మాత్రం పెట్టకురా."

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆస్పత్రిలో నర్సుగా ఎన్నో ఘోరాలు చూసిన మనిషి, ఇట్టే బెదిరిపోయే రకం కాదు. అలాంటిది, అతని మణికట్టు వదలకుండా పట్టుకునే ఉంది.

నాన్న పోయినప్పట్నుంచీ అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. పెడితే తింటోంది, లేకపోతే లేదు. ఇప్పుడు కూడా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తోంది. నాన్నకి ప్రాణమైన పాట వినిపిస్తే కాస్త తేరుకుంటుందేమోనని తమ్ముడు అటక మీంచి ఆ పాత టేపు రికార్డరు దించాడు. దుమ్ము దులిపి, తెగిన బెల్టు మార్చి, దాంతో నానా కుస్తీ పట్టి నోరు తెరిపించాడు. పాట వింటూ ముగ్గురూ కూర్చుని నాన్న గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని అతని ఆశ.

అక్క అతన్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. అమ్మకి వినపడకుండా గొంతు తగ్గించి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

నాన్న కోతమిల్లు నుంచి వచ్చి, స్నానం చేసి, అమ్మని గదిలోకి పిలిచి గడియ వేసేవాడట. ఆ పాట పెట్టి సౌండు బాగా పెంచేవాడట. పాట వెనక నుంచి ధన్ ధన్‌మని చప్పుళ్ళు. మధ్యమధ్యలో అమ్మ గొంతు, అరవబోయి నోరు నొక్కుకున్నట్టు. పాట అయ్యాక అమ్మ జుట్టంతా రేగి, చెమటతో తడిసి బయటికొచ్చేదట. కొన్నిసార్లు కుంటుకుంటూ. ఏమైందని అడిగితే, ఏం లేదని ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయేదట.

"నువ్వప్పుడు నా ఒళ్ళో ఉండేవాడివి. నీకు వినపడకుండా చెవులు మూసేదాన్ని. నీకు ఊహ వచ్చేసరికి ఈ టేపు రికార్డరు పాడై అటకెక్కింది" అంది అక్క.

తమ్ముడికి తెలిసిన నాన్న పెద్దగా మాట్లాడని మనిషి. దుంగలు మోసి మోసి కాయలు కాచిన చేతులు. వెళ్ళొస్తానంటే ఆ చేత్తో భుజం మీద ఓసారి తట్టేవాడు, అంతే. అదే చెయ్యి గుర్తొచ్చి ఇప్పుడు తన భుజం తడుముకున్నాడు. నాన్నని ఎప్పుడూ నిలదీయలేదా అని మెల్లగా అడిగాడు.

అడగాలంటే ముందు ఆయన ఎదుట నిలబడాలి కదా, అంది అక్క. ఆ భయంతోనే హాస్టల్లో చేరానని, ఆ తర్వాత ఇంటికొచ్చినా అవునూ కాదూ తప్ప ఆయనతో మాట్లాడి ఎరగనని చెప్పింది. గిన్నెల వైపు చూస్తూ అంది.

"ఆఖర్న మంచం మీంచి నాకోసం చెయ్యి చాచాడురా. నేను పట్టుకోలేదు."

ముందుగది వైపు నుంచి పాట వినిపించింది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. వాళ్ళు ప్లగ్గు పెట్టలేదు. పరుగున వెళ్ళి చూస్తే కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద టేపు రికార్డరు లేదు. పాట పడగ్గదిలోంచి వస్తోంది. చూస్తుండగానే తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. సౌండు పెరిగింది.

తర్వాత చప్పుడు. ధన్. ధన్.

అక్క గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. తనకి తెలియకుండానే రెండు చేతులతో చెవులు మూసుకుంది. తమ్ముడు తలుపు మీద దబదబా బాదుతూ అమ్మని పిలిచాడు. పలకలేదు. చప్పుడు ఆగలేదు. ఉన్నట్టుండి లోపల్నుంచి అమ్మ గొంతు, సగంలోనే ఆగిపోయిన కేక.

అక్క లేచింది. దిగులుతో మతి చెదిరి గోడకి తల బాదుకున్న వాళ్ళకి ఆమె తన చేతులతో కట్లు కట్టింది. అదంతా కళ్ళముందు తిరిగింది. తమ్ముడితో పాటు తనూ భుజం ఆనించి తలుపుని తోసింది. తలుపు కిర్రుమంది గానీ ఊడలేదు. మళ్ళీ తోశారు. నెత్తురు ఎక్కడొస్తే ఏం చెయ్యాలో అక్కకి తెలుసు, కానీ గుర్తు రావడం లేదు.

పాట అయిపోయింది. గడియ తీసిన చప్పుడైంది.

గుమ్మంలో అమ్మ. జుట్టు ముడి ఊడిపోయి, నుదుటి మీంచి చెమట కారుతూ, రొప్పుతూ. అక్క ఆమె తల తడిమింది, ముంజేతులు తిప్పి చూసింది, వీపు నిమిరింది. ఎక్కడా గాయం లేదు. ఇక ఆపుకోలేక అమ్మని వాటేసుకుంది.

"ఇంక ఆయన లేడమ్మా. నువ్వు భయపడక్కర్లేదు. అప్పట్లో ఈ గదిలో నిన్నెలా కొట్టేవాడో ఇప్పుడైనా నోరు విప్పి చెప్పు."

అమ్మ అర్థం కానట్టు కూతురి ముఖంలోకి చూసింది. కొడుకు వైపు చూసింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నాన్న పోయాక మొదటిసారి ఆమె నోట నిండుగా మాట వచ్చింది.

"కొట్టడమేంటే పిచ్చిదానా? ఇందాక అరిచింది మంచంకోడు కాలికి తగిలి. మీరు చూస్తే నవ్వుతారని సిగ్గుపడి గడియ పెట్టేవాడు... ఎన్నేళ్ళు నేర్పినా మీ నాన్నకి డాన్సు రాలేదు, నా కాళ్ళే తొక్కేవాడు."