నీలం తప్ప ఏదైనా

గోడ మీద మూడు రంగుల పట్టీలు ఆరుతున్నాయి. లేత నీలం, లేత ఆకుపచ్చ, మీగడ రంగు.

ఆసుపత్రి నుంచి నాన్న వచ్చేసరికి ఆయన గది తయారుగా ఉండాలని కొడుకు తాపత్రయం. పక్షవాతం ఆయన కుడిచేతినీ మాటనీ పట్టుకుపోయింది.

"ఆకుపచ్చ బాగుందండీ," అంది భార్య.

"నీలమైతే మనసుకి హాయి. రంగుల కొట్టతను చెప్పాడు."

"ఆ కొట్టతను మొన్న మా అక్కతో ఎరుపు కూడా హాయే అన్నాడు."

ఇద్దరూ నవ్వుకుంటుంటే గుమ్మంలో ఎవరో దగ్గారు. పొడుగాటి ముసలాయన. ఒక భుజం కిందికి వాలి ఉంది.

"మీ నాన్న ఎలా ఉన్నాడు బాబూ?"

"నయమే. రేపో ఎల్లుండో తీసుకొచ్చేస్తాం. మీరు?"

"పాత స్నేహితుణ్ణి." ఆయన చూపు గోడ మీద పడింది. ముఖం పాలిపోయింది. "ఇది వాడి గదేనా? నీలం తప్ప ఏదైనా వేయించు నాయనా."

"ఏం? ఎందుకని?"

ముసలాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"వాడికి పడదు."

కొడుక్కి చిర్రెత్తుకొచ్చింది.

"మా నాన్నకి ఏది పడుతుందో, ఏది పడదో నాకు తెలియదా? అసలు మీలాంటి స్నేహితుడు ఉన్నట్టే ఆయన ఎప్పుడూ అనలేదే!"

"అనడులే బాబూ," అని ఆయన నెమ్మదిగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో మీగడ రంగు డబ్బా. చిన్నదేం కాదు. అంత దూరం మోసుకొచ్చి రొప్పుతున్నాడు.

"నేనే కొన్నాను. ఇది వేయించు. నీకు దణ్ణం పెడతాను."

"ఓహో, ఇదా సంగతి!" కొడుకు వెటకారంగా నవ్వాడు. "ఏ కంపెనీ ఏజెంటు మీరు? మంచాన పడ్డ మనిషి పేరు చెప్పుకుని సరుకు అంటగట్టడానికి సిగ్గనిపించడం లేదూ?"

"ఏమండీ! పెద్దాయన..." అంటూ భార్య అతని చెయ్యి పట్టుకుంది.

ముసలాయన డబ్బాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

గదికి నీలమే పడింది.

తండ్రిని ఇంటికి తెచ్చారు. కోడలి భుజం ఆసరాగా గది దాకా బాగానే నడిచాడు. గుమ్మంలో ఆగిపోయాడు. ఎడమచేత్తో ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుని, ఎంత బతిమాలినా కాలు లోపల పెట్టలేదు. ఒళ్ళంతా చెమట.

"నీరసం," అన్నాడు కొడుకు.

నీరసం తగ్గినా ఆయన హాల్లో సోఫా వదల్లేదు. గది తలుపు తెరిచి ఉంటే అటు వీపు పెట్టి కూర్చునేవాడు. కోడలు చూసీ చూసీ ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచడం మొదలుపెట్టింది.

మాట నేర్పే డాక్టరమ్మ వచ్చి వెళ్తుండగా, రెండు మూడు నెలలకి ఆయన నాలుక కాస్త తిరిగింది.

"గోడ... నీలం... వద్దు," అన్నాడు.

కొడుకు గతుక్కుమన్నాడు.

"ఎవరో ఒకాయన కూడా ఇదే మాట అన్నాడు నాన్నా. పొడుగ్గా, ఒక భుజం వాలి..."

తండ్రి కళ్ళు వెలిగాయి.

"పొడుగోడు! వచ్చాడా? ఏడీ?"

కొడుకు లేచాడు. తండ్రి ముక్కలు ముక్కలుగా చెప్పిన గుర్తులు పట్టుకుని అప్పటికప్పుడే బయల్దేరాడు. మార్కెట్టు వెనక సందు, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు, దాని పైన వాటా. ముసలాయన కూతురు తలుపు తీసింది. ఫలానా ఆయన కొడుకునని చెప్పుకున్నాడు.

"నాన్న పోయారండీ. పడుకున్న మనిషి పడుకున్నట్టే. నెల దాటింది."

"మా ఇంటి సంగతి... ఏమైనా అన్నారా?"

"మీ నాన్నగారు ఇల్లు చేరారని విని పొంగిపోయారు. ఒకసారి చూసి రాకూడదా అంటే మాత్రం, 'వాడి కొడుకు బంగారంలా చూసుకుంటున్నాడు, మధ్యలో నేనెందుకు' అనేవారు."

ఇంటికి తిరిగొచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఏజెంటు అన్న మాట కూడా మింగలేదు.

తండ్రి కిటికీ వైపు తిరిగాడు. చెంపల మీద తడిని తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా నాన్నా! అంత పంతం ఏమిటి ఆయనకి?"

"పంతం కాదురా. ఎవరికీ చెప్పనని... నాకు మాటిచ్చాడు." తండ్రి ఒక్కో పలుకూ కూడదీసుకున్నాడు. "నీ పసితనంలో... ఉద్యోగం మీద దూరం వెళ్ళానని... మీ అమ్మ చెప్పేది చూడు. ఉద్యోగానికి కాదు. మతి చెడి... పిచ్చాసుపత్రికి. నాలుగు గోడలూ... నీలం."

కొడుకు మూసి ఉన్న గది తలుపు వైపు చూశాడు.

"మరి ఆయన?"

"పక్క మంచం. ఇక బతకనని నేను తెగించిన రోజు... రెండు చేతులా వాటేసుకుని... 'నీ కొడుక్కి ఇంకా నడకే రాలేదు, వాడి వేలు ఎవరు పట్టుకుంటార్రా' అని... నన్ను ఆపింది వాడే."