ఒక్క చుక్క కారొద్దు

“ఒక్క చుక్క కూడా కారొద్దన్నా” అన్న కొడుకు గొంతు వినబడి, ఇనుప సామాన్ల దుకాణం మెట్టు మీద రామక్క కాలు ఆగిపోయింది.

ఆమె వచ్చింది బొక్కెనకు తాడు కొందామని. లోపల రాంబాబు బల్ల మీదికి వంగి, పెళ్లికూతురికి గాజులు ఎంచుతున్నంత శ్రద్ధగా పైపు బిగించే క్లాంపులు తిప్పి చూస్తున్నాడు. తీగ క్లాంపు నచ్చలేదు. స్ప్రింగు క్లాంపు నొక్కి వదిలి చూసి, వేడినీళ్లు పారితే ఇది నిలుస్తుందా అని అడిగాడు. పక్కన చుట్టలు చుట్టిన రాగి గొట్టం, ప్లాస్టిక్ పైపు, దాని కొసల్లో దూర్చే ఇత్తడి మూతులు ఉన్నాయి.

దుకాణం వెంకటప్పయ్య నవ్వాడు. “ఏంది రాంబాబూ, సారా బట్టీ పెడుతున్నవా?”

“మెల్లగనన్నా. అమ్మకు తెలిస్తే ఊకోదు.”

రామక్క తాడు సంగతే మరిచిపోయి వెనక్కి తిరిగింది.

ఇల్లందు బొగ్గుబావుల పక్కనున్న ఆ పేటలోకి ఒకప్పుడు ఎక్సైజు జీపు తరచూ వచ్చేది. ఒకరోజు వాళ్ల పెరట్లోనే బట్టీ బయటపడింది. రాంబాబుకు అప్పుడు తల్లి కొంగు వదలని వయసు. చుక్క ముట్టి ఎరగని ఆమె భర్త దూలయ్య నోరు మెదపకుండా జీపెక్కాడు. జైలు నుంచి దగ్గు వెంటబెట్టుకుని వచ్చాడు, ఎక్కువ కాలం బతకలేదు. మిగిలిన రాగి గొట్టాన్ని రామక్కే మోసుకుపోయి వాగులో పారేసింది. ఆ తరువాత పండగకు తప్ప ఇంట్లోకి బెల్లం కూడా రానివ్వలేదు.

ఇన్నేళ్లకు మళ్లీ రాగి గొట్టం వస్తోంది. రాంబాబు ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లి ఫొటోలకు ఆల్బములు చేస్తాడు. ఈ ఎండాకాలం పని సాగడం లేదని రోజూ విసుక్కుంటున్నాడు. పని సాగకపోతే ఈ దారి పట్టాలా? రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది అనుకుంటూ ఆమె ఇల్లు చేరింది.

కాసేపటికి రాంబాబు సంచితో ఇంటికి వచ్చాడు. వంటింట్లోంచి నీళ్లకుండ ఎత్తుకుపోయి ముందు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. రామక్క తలుపు సందులో ముక్కు పెట్టింది. నానబెట్టిన బెల్లం వాసన రాలేదు. అయినా గుండె కుదుటపడలేదు. పులియడానికి ఇంకా సమయం పడుతుంది కదా. ఇంతలో లోపల నీళ్లు బుడబుడమన్నాయి. ఇక ఆగలేక తలుపు బాదింది.

“నీకు పుణ్యముంటది, మీ నాయిన జీపెక్కింది కండ్లార చూసిన. నిన్ను గూడ చూడలేను బిడ్డా.”

రాంబాబు బిత్తరపోయి తలుపు తీశాడు. కుండలో రాగి చుట్ట మునిగి ఉంది. అందులోంచి బయలుదేరిన పైపులు పొయ్యి దగ్గరికి కాక, మూత విప్పిన కంప్యూటరులోకి పోతున్నాయి. రామక్క అటూ ఇటూ చూసింది. పొయ్యే లేదు.

“గిదేంది?”

రేకుల కింద కంప్యూటరు వేడెక్కి ఊరికే ఆగిపోతోందని రాంబాబు చెప్పాడు. దాని గుండెకాయ మీద రాగి దిమ్మ కూర్చోబెట్టి నీళ్లు తిప్పితే, ఆ వేడి నీళ్లలోకి దిగి కుండలో చల్లారుతుందట. చేపల తొట్టి మోటారు నీళ్లను తిప్పుతుందట. కరెంటు దగ్గర నీళ్లేమిటని తల్లి వద్దంటుందనే చెప్పలేదట.

రామక్క గడప మీద కూలబడి ముందు నవ్వింది, తరువాత కళ్లు తుడుచుకుంది. కంప్యూటరు కాలిపోయినా సరే, కొడుకు చల్లగా ఉన్నాడు, ఆమెకు అది చాలు.

ఆ సంతోషంలోనే ఆమె కళ్లు పైపు కొస మీద పడ్డాయి. అక్కడ ఒక చుక్క ఊరుతోంది.

“ముందు కరెంటు తీయ్” అని లేచింది. “స్ప్రింగుది పనికిరాదు. మర తిప్పేది లేదా?”

రాంబాబు సంచి వెతికి మర క్లాంపు ఇచ్చాడు. ఆమె పైపును ఇత్తడి మూతి మీదికి పూర్తిగా ఎక్కించి, అంచుకు కాస్త వెనగ్గా క్లాంపు పెట్టి బిగించింది. చుట్టూ గుడ్డతో తుడిచింది. మళ్లీ మోటారు పెడితే చుక్క ఊరలేదు.

“వేడికి పైపు మెత్తబడతది. అప్పుడు ఇంకోసారి తిప్పాలె” అంది.

“ఇదంత నీకెట్ల తెలుసమ్మా?”

“మీ నాయినతోని గన్నేండ్లు కాపురం చేసిన గదా.”

రాంబాబు తల వంచుకుని మోటారు వైరు సర్దాడు. కంప్యూటరు చాలాసేపు ఆగకుండా నడిచింది. పెళ్లికూతురి మొహం తెర మీద తేటగా వచ్చింది.

“నాయిన అసొంటోన్ని కానని ఇప్పుడన్న నమ్ముతవా?” అన్నాడు.

రామక్క వాడి తల నిమిరింది. “కాదు బిడ్డా. నువ్వు అచ్చం మీ నాయినవే. నా పానం నిమ్మళమైంది.”

అంత చేసిన తండ్రిని అమ్మ ఇన్నాళ్లకు క్షమించిందని రాంబాబు సంబరపడ్డాడు.

దూలయ్య జైలుకు పోయింది రామక్క పెట్టిన బట్టీకి.